ఆవగింజను పట్టే వేళ్ళు

పిల్లలూ! ఒక పళ్ళెంలో గుప్పెడు ఆవాలు పోసి, వాటిలో ఒకే ఒక్క గింజను బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టి ఎత్తండి. రెండు మూడు గింజలు కలిసి వస్తాయి. లేకపోతే ఒక్కటీ రాకుండా అన్నీ జారిపోతాయి. కుంకుడుకాయను అవలీలగా ఎత్తే వేళ్ళు ఆవగింజ దగ్గర ఎందుకు తడబడతాయి? వేలికొన ఆవగింజ కంటె ఎన్నో రెట్లు పెద్దది, పైగా మెత్తనిది. ఆవగింజ ముందు మన వేళ్ళు రెండు దిండ్లవంటివి. రెండు దిండ్ల మధ్య సూదిని ఇరికించి పట్టుకోవటం ఎవరికైనా కష్టమే!

అందుకే మనిషి ఏనాడో తన వేళ్ళకు సన్నని కొనలు చేసి తగిలించుకున్నాడు. వాటినే మనం చిమటా అనీ, పట్టకారు అనీ, శ్రావణం అనీ పిలుస్తాము. శ్రావణం అంటే నెల పేరు మాత్రమే అనుకోకండి. ముల్లు తీసే చిన్న పనిముట్టుకు కూడా అదే పేరు. పొరుగున ఉన్న తమిళులు పట్టకారును ఇడుక్కి అంటారు.

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగుళూరు వెళ్ళే దారిలో బంగారుపాళ్యం ఉన్నది. ఊరి పేరులో బంగారం ఉన్నా, ఆ ఊరికి పేరు తెచ్చింది మాత్రం మామిడి. వేసవిలో అక్కడి మండీలలో మామిడికాయలు గుట్టలుగా పోస్తారు. మామిడికాయను పట్టటానికి అరచెయ్యి చాలు. కాని అటువంటి ఊరి బజారులోనే, అరచెయ్యి ఎందుకూ పనికిరాని వస్తువులతో పొద్దుగూకులూ పనిచేసేవాళ్ళు కూడా ఉంటారు. అది బంగారుపాళ్యం కావచ్చు, మీ ఊరే కావచ్చు. బజారులో నాలుగడుగులు నడిచి, వాళ్ళు దేన్ని దేనితో పడుతున్నారో వెతికి చూద్దాం రండి.

ముల్లు దగ్గర మొదలు

బజారుకు పోయే దారిలోనే మొదటి పాఠం ఉన్నది. తుమ్మముల్లో రేగుముల్లో కాలిలో దిగి, చర్మంలోపల విరిగిందనుకోండి. బయటకు కనిపించేది వెంట్రుకవాసి కొన మాత్రమే. గోళ్ళతో గిల్లితే ఆ కొన కాస్తా విరిగి, ముల్లు లోపలే ఉండిపోతుంది. చేలవెంట, కొండలవెంట తిరిగే పెద్దలు పూర్వం ముల్లు తీసే శ్రావణాన్ని దగ్గర ఉంచుకునేవారు. పనిముట్టు చూస్తే చిన్నది. అది లేకపోతే మాత్రం మర్నాటికి పాదం వాచి, బడికి పోవటం మాట అటుంచి, గుమ్మం దాటటమే కష్టం.

ముల్లు తీసేటప్పుడు మూడు సంగతులు మరవకండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శ్రావణం కొనలను మరిగే నీటిలో ఉంచి తీయాలి. ముల్లు ఏ వాలున దిగిందో ఆ వాలుననే వెనక్కు లాగాలి. అడ్డంగా లాగితే విరుగుతుంది. తరువాత గాయం కడిగి, ధనుర్వాతం రాకుండా సూది మందు అవసరమేమో డాక్టరుగారిని అడగాలి. ముల్లును ముల్లుతోనే తీయాలనే సామెత చెప్పుకోవటానికి బాగుంటుంది గాని, మట్టిలో పడి ఉన్న ముల్లును పుండులో పెట్టకూడదు.

కంసాలి కుంపటి ముందు

ఇప్పుడు నగలు చేసే ఆచారిగారి దగ్గరకు వద్దాం. ఆయన ముందు కుంపటి, ఊదుగొట్టం, దాగలి, చిన్న సుత్తి, ఆకురాయి, సన్నని తీగ సాగదీసే కమ్మచ్చు, చిన్న త్రాసు ఉంటాయి. పూర్వం ఆ త్రాసులో గురివిందగింజలు వేసి బంగారం తూచేవారు. ఒక గురివిందగింజ సుమారు గ్రాములో ఎనిమిదోవంతు తూగుతుంది. అంత తక్కువ బరువుకు కూడా లెక్క చెప్పవలసిన చోట, ఒక్క తునక చేజారినా నష్టమే.

ఒక కమ్మకు చుట్టూ చిన్న చిన్న బంగారు గుండ్లు అతకాలి. గుండు ఆవగింజంత ఉంటుంది. అతుకు పెట్టే టంకం తునక అంతకంటె చిన్నది. ఆచారిగారు వెలిగారం కలిపిన నీటిని అతుకుచోట రాసి, చిమటాతో గుండును ఎత్తి, అనుకున్న చోట ఉంచుతారు. టంకం తునకను పక్కన చేరుస్తారు. తరువాత ఊదుగొట్టంతో మంటను సన్నగా దానిమీదికి ఊదుతారు. టంకం కరిగి గుండును పట్టుకుంటుంది. ఈ పనిలో వేలు పెట్టే వీలే లేదు. వేలు కాలుతుంది, గుండు కదులుతుంది, పక్క గుండ్లు కూడా చెదిరిపోతాయి.

ఆయన దగ్గర ఇంకొక రకం చిమటా ఉండవచ్చు. దాని రెండు కాళ్ళు ఒకదానినొకటి దాటి ఉంటాయి. మామూలు చిమటా నొక్కితే మూసుకుంటుంది, ఇది నొక్కితే తెరుచుకుంటుంది. వదిలితే తనంతట తానే బిగించి పట్టుకుంటుంది. బట్టలు ఆరవేసే క్లిప్పు కూడా నొక్కితే తెరుచుకుని, వదిలితే పట్టుకునేదే. అతుకు పెట్టేంతసేపూ వస్తువును ఇటువంటి చిమటాకు అప్పగించి, ఆయన రెండు చేతులనూ వేరే పనికి వాడుకుంటారు.

మరి నగలో పొదిగే సన్నని రాయిని ఎలా పడతారు? రాయి నున్నగా ఉంటుంది, చిమటా కొనల నుంచి జారుతుంది. దానికి తేలిక ఉపాయం ఉన్నది. ఒక పుల్ల చివర కొంచెం మైనం అంటిస్తారు. మైనపు కొనను రాయి నెత్తిమీద ఆనిస్తే రాయి అతుక్కుని వస్తుంది. గూటిలో కూర్చోబెట్టి పుల్లను పక్కకు వంచితే విడిపోతుంది. చూశారా! పట్టుకోవటమంటే రెండు వైపులా నొక్కటమే కానక్కరలేదు.

బలాన్ని తగ్గించే పనిముట్టు

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న. మనం పనిముట్లు వాడేది మన బలాన్ని పెంచుకోవటానికి కదా? గునపంతో బండను లేపుతాము. అడకత్తెరతో పోకచెక్కను కత్తిరిస్తాము. మరి చిమటా మన బలాన్ని పెంచుతున్నదా?

లేదు, తగ్గిస్తున్నది! దాని గొప్పతనమంతా అందులోనే ఉన్నది.

మీటల గురించి మీరు బడిలో చదువుకునే ఉంటారు. మీటకు మూడు చోట్లుంటాయి: ఆనే చోటు, మనం బలం పెట్టే చోటు, పని జరిగే చోటు. కటింగు ప్లయరులో ఆనే చోటు, అంటే మేకు, మధ్యలో ఉన్నది. పిడి పొడుగు 12 సెంటీమీటర్లు, నోరు 3 సెంటీమీటర్లు అయితే, మన చేతి బలం నోటి దగ్గర 4 రెట్లవుతుంది. అడకత్తెరలో ఆనే చోటు ఒక చివర, మన చెయ్యి రెండో చివర, పోకచెక్క నడుమ. అక్కడా బలం పెరుగుతుంది. అందుకే ఎటూ తప్పించుకోలేని మనిషిని అడకత్తెరలో పోకచెక్కతో పోలుస్తారు.

చిమటాలో ఈ వరస మారింది. ఆనే చోటు వెనుక చివర ఉన్నది. పని జరిగేది ముందు కొన దగ్గర. మన వేళ్ళు రెంటికీ నడుమ ఉన్నాయి. చిమటా పొడుగు 12 సెంటీమీటర్లనుకోండి. వెనుక చివర నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర వేళ్ళు పెట్టి నొక్కితే, కొన దగ్గరకు చేరే బలం మూడోవంతే. రేకు వంగటానికి కొంత ఖర్చయితే ఇంకా తగ్గుతుంది. వేళ్ళను కొనవైపు జరిపితే పట్టు గట్టిపడుతుంది. వెనక్కు జరిపితే మెత్తబడుతుంది. అంటే ఎంత బలం కావాలో అంతే దింపుకునే సదుపాయం మీ వేళ్ళకింద ఉన్నదన్న మాట. పొయ్యిమీది గిన్నెను దింపే పట్టకారు కటింగు ప్లయరువలె మధ్యన మేకు ఉన్నది. దాని పని బరువు మొయ్యటం. రెండింటినీ ఇంట్లో పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి.

గడియారాల కొట్టులో

ఆచారిగారి వీధిలోనే గడియారాలు బాగుచేసే కొట్టు ఉన్నదనుకుందాం. 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపానులోని సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతిగడియారాల కర్మాగారం పెట్టింది. కీ ఇచ్చే ఆ గడియారాలు కొన్ని దశాబ్దాలపాటు మన ఉపాధ్యాయులు, గుమాస్తాలు, రైతులు అందరి మణికట్ల మీదా ఉండేవి. గడియారాల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అయినా తాతగారి గడియారాన్ని దాచుకుని నడిపించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆ సంస్థ చేసిన జనతా గడియారంలో 17 రాళ్ళు ఉంటాయి. ఇరుసులు అరిగిపోకుండా వాటి కొనలు తిరగటానికి పెట్టిన సన్నని కృత్రిమ కెంపులవి. వెంట్రుకవంటి స్ప్రింగు ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అది కొంచెం వంగినా గడియారం తప్పు వేళ చూపుతుంది. గడియారాలు బాగుచేసేవారు కంటికి భూతద్దం తగిలించుకుని, సూదిమొనవంటి కొనలుగల చిమటాతో ఈ భాగాలను ఎత్తి పెడతారు.

కొత్తగా పని నేర్చుకునేవాడు రాయి జారిపోతుందేమోనని చిమటాను గట్టిగా నొక్కుతాడు. వెంటనే రాయి చిటుక్కున ఎగిరి ఎక్కడో పడుతుంది. తడి సబ్బుబిళ్ళను పిడికిట్లో బిగించి చూడండి, ఎందుకో తెలుస్తుంది. నున్నని వస్తువును వాలుగా నొక్కినప్పుడు మన బలమే దాన్ని ముందుకు తోస్తుంది. అందుకని అక్కడ మొదట నేర్చుకోవలసింది వదులుగా పట్టటం. ఇంకొక సంగతి: ఆ చిమటాకు అయస్కాంత గుణం ఉండకూడదు. ఉంటే ఉక్కు మరలు దానికే అంటుకుంటాయి. స్ప్రింగు చుట్టలు కూడా అయస్కాంతాలై ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇత్తడి చిమటా అయితే ఈ భయం లేదు.

సుశ్రుతుడు చెప్పిన దోషాలు

చిన్న వస్తువును పట్టే పనిముట్ల గురించి మన దేశంలో ఎంతో శ్రద్ధగా రాసిన గ్రంథం ఒకటి ఉన్నది. అదే సుశ్రుత సంహిత, శస్త్రచికిత్సకు పేరుపొందిన ప్రాచీన వైద్య గ్రంథం. అందులో వైద్యుడి యంత్రాలు 101 అని చెప్పారు. వాటిలో 24 స్వస్తిక యంత్రాలు. రెండు చేతులు ఒకదానినొకటి దాటి, మధ్యన మసూరపప్పు ఆకారపు మేకుతో బిగించినవి. ఒక్కొక్కటి 18 అంగుళాల పొడుగు. ఇక్కడ అంగుళమంటే స్కేలుమీది అంగుళం కాదు, వేలి వెడల్పు. వాటి నోళ్ళు సింహం, పులి, ఎలుగుబంటి, పిల్లి, కాకి మొదలైనవాటి నోళ్ళను పోలి ఉంటాయి. ఎముకలో దిగిన బాణపు ముక్కలవంటివాటిని పీకటానికి ఇవి. అన్నింటిలోకి మేలైనది కంకముఖం, అంటే కంక అనే పక్షి ముక్కును పోలినది. అది సులువుగా లోపలికి పోతుంది, పట్టవలసినదాన్ని పట్టుకుని సులువుగా బయటకు వస్తుంది.

చిమటావంటివి సందంశ యంత్రాలు. ఇవి రెండు. ఒకటి బిగింపు ఉన్నది, ఒకటి లేనిది. 16 అంగుళాల పొడుగు. చర్మంలో, మాంసంలో గుచ్చుకున్నవాటిని తీయటానికి ఇవి.

అంతటితో ఆగలేదు. యంత్రానికి ఉండకూడని 12 దోషాలు కూడా లెక్కించారు. మరీ లావుగా ఉండటం, మంచి లోహంతో చేయకపోవటం, మరీ పొడుగు, మరీ పొట్టి, పట్టు లేకపోవటం, ఒక పక్కనే పట్టటం, వంకరగా ఉండటం, వదులుగా ఉండటం, మేకు మెత్తగా ఉండటం మొదలైనవి. మీరు కొట్టులో చిమటా కొనేటప్పుడు ఈ జాబితా నేటికీ అక్షరాలా పనికివస్తుంది! ఇన్ని యంత్రాలు చెప్పి, వీటన్నింటిలో ముఖ్యమైన యంత్రం చెయ్యే అన్నారు. చెయ్యి లేనిదే మిగతావేవీ పనిచేయవు కదా.

చీమను కూడా ఆ గ్రంథం పట్టకారుగా వాడుకున్నది. చిరిగిన పేగు అంచులను కలిపి పట్టుకుని, పెద్ద నల్లచీమలతో కరిపించమని అందులో ఉన్నది. చీమ దవడలు బిగుసుకున్నాక మొండెం తుంచేస్తే, తల కుట్టువలె అక్కడే ఉండిపోతుంది.

మంచిదాన్ని ఎంచుకోవటం ఎలా?

చిమటా కొనేముందు దాన్ని మెల్లగా నొక్కి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కొనలు రెండూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. వాటి మధ్యనుంచి వెలుతురు కనబడకూడదు. కొంచెం గట్టిగా నొక్కినప్పుడు కొనలు ఒకదానినొకటి దాటిపోతే అది పనికిరాదు. మూసినప్పుడు ముందుగా కొనలే కలవాలి, నడుము కాదు.

తరువాత, ఏ పనికి ఏ కొన అన్నది. ముల్లుకు సన్నని గట్టి కొన. జారే వస్తువుకు లోపలి వైపు గీతలున్న కొన. తపాలాబిళ్ళలు పోగుచేసేవారికి వెడల్పుగా, నున్నగా, మొన లేకుండా ఉన్న కొన. వేలి చమట, జిడ్డు అంటితే బిళ్ళ పాడవుతుంది, మొన గుచ్చుకుంటే చిరుగుతుంది. కనుక ముల్లు తీసే శ్రావణంతో తపాలాబిళ్ళను ఎత్తకండి.

ఒక చోట మాత్రం మీరు ఏ చిమటానూ వాడకూడదు. మీ తమ్ముడో చెల్లెలో చెవిలోనో ముక్కులోనో పూసో, చింతగింజో పెట్టుకుంటే, దాన్ని మీరు తీయబోకండి. గుండ్రని పూస చిమటా కొనల నుంచి జారి మరింత లోపలికి పోతుంది. ఇందాక గడియారపు రాయి ఎందుకు ఎగిరిందో గుర్తున్నది కదా? చెవిలో అదే జరిగితే కర్ణభేరి దెబ్బతినవచ్చు. పెట్టుకున్నది బొమ్మలలో, గడియారాలలో వాడే బిళ్ళ బ్యాటరీ అయితే కొన్ని గంటలలోనే లోపలి చర్మాన్ని కాల్చివేస్తుంది. ఆలస్యం చేయక పెద్దలకు చెప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. సరైన వెలుతురు, సరైన పనిముట్టు, శిక్షణ పొందిన చెయ్యి, ఈ మూడూ అక్కడ ఉంటాయి.

గాలితో, వెలుతురుతో పట్టటం

ఇంకా చిన్న వస్తువులున్నాయి. సెల్‌ఫోను పలకమీద ఇసుకరేణువులవంటి భాగాలను వందలకొద్దీ అమర్చాలి. మన చెంతనే, ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో, 2015లో సెల్‌ఫోన్లు కూర్చటం మొదలైంది. అటువంటి పలకల తయారీలో యంత్రాలు సన్నని గొట్టంతో గాలిని పీల్చి భాగాన్ని ఎత్తుతాయి, గాలిని వదిలి చోటులో దింపుతాయి. మీరు శీతలపానీయపు గొట్టం చివర కాగితపుముక్కను ఆనించి పీల్చి చూడండి. అదే సూత్రం.

సూక్ష్మజీవిని పట్టాలంటే? దానికి ఏ లోహపు కొనా సరిపోదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆర్థర్ ఆష్కిన్ అనే శాస్త్రజ్ఞుడు వెలుతురుతో చిమటా చేశాడు. వెలుతురు తాకిన వస్తువును చాలా స్వల్పంగా తోస్తుంది. లేసరు కిరణాన్ని కటకంతో ఒకచోట కేంద్రీకరిస్తే, చిన్న పారదర్శకమైన పూస ఆ వెలుతురు కేంద్రానికి వచ్చి అక్కడే నిలుస్తుంది. కిరణాన్ని జరిపితే పూస వెంట వస్తుంది. 1986లో ఈ సాధనం సిద్ధమైంది. మరుసటి ఏడు ఆయన దానితో బాక్టీరియాలను పట్టాడు. మొదట వాడిన ఆకుపచ్చ కిరణానికి అవి దెబ్బతిని చచ్చిపోయేవి. అప్పుడాయన కంటికి కనబడని పరారుణ కిరణం వాడాడు. బాక్టీరియాలు పట్టులోనే బతికి, పిల్లలను కూడా పెట్టాయి! ఈ పనికి 2018లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. అప్పుడాయన వయసు 96 ఏళ్ళు.

అంతకంటె చిన్నది పరమాణువు. 1989లో కాలిఫోర్నియాలోని ఐ.బి.ఎం. ప్రయోగశాలలో డాన్ ఐగ్లర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రత్యేక సూక్ష్మదర్శిని సూదిమొనతో 35 జీనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి, తన సంస్థ పేరులోని మూడు అక్షరాలను రాశాడు. పరమాణువులు కదలకుండా ఉండటానికి ఆ చోటును సున్నాకు సుమారు 269 డిగ్రీల దిగువ వరకు చల్లబరచవలసివచ్చింది.

ముల్లు నుంచి పరమాణువు దాకా చూశాము. పనిముట్లు మారాయి గాని ప్రశ్న ఒక్కటే: పట్టిన వస్తువు చెడకుండా, జారకుండా ఎంత బలం పెట్టాలి?

మీరే చేసి చూడండి

జానెడు పొడుగున్న రెండు వెదురు బద్దలు తీసుకోండి. ముందు కొనలను పెద్దవాళ్ళ చేత సన్నగా చెక్కించి, గరుకు కాగితంతో రుద్దండి. వెనుక చివర రెండింటి మధ్య చిన్న పుల్లముక్క పెట్టి, దారంతో బిగించి కట్టండి. కొనలు రెండూ వేలెడు దూరంలో ఉండాలి. ఇదే మీ చిమటా.

ఒక పళ్ళెంలో 20 ఆవాలు, 20 బియ్యపు గింజలు, 20 బొరుగులు కలిపి పోయండి. చిమటాతో ఒక్కొక్కటిగా ఎత్తి మూడు గిన్నెలలో వేరుచేయండి. స్నేహితులు పక్కన కూర్చుని గడియారం చూడాలి. జారిన ప్రతి ఆవగింజకూ, నలిగిన ప్రతి బొరుక్కూ ఒక్కొక్క మార్కు తీసివేయాలి. మా బడిలో ఈ పోటీ పెట్టినప్పుడు మొదటిసారి గెలిచేది తరచు బలమైనవాడు కాదు, నిదానమైనవాడే. వేళ్ళను ముందుకూ వెనక్కూ జరిపి, ఆవగింజకు ఏ చోటు బాగుందో, బొరుక్కు ఏ చోటు బాగుందో రాసుకోండి. రెండూ ఒకటే చోటు కాదని మీకే తెలుస్తుంది.

ఆ తరువాత మీ ఇంట్లో, మీ బజారులో పట్టుకునే పనిముట్లు ఎన్ని రకాలున్నాయో వెతకండి. ఒక్కొక్కదానిలో ఆనే చోటు ఎక్కడ, బలం పెట్టే చోటు ఎక్కడ, పని జరిగే చోటు ఎక్కడ అని బొమ్మ గీసి గుర్తుపెట్టండి. ఆచారిగారినీ గడియారాలు బాగుచేసేవారినీ పని తీరికలో ఉన్నప్పుడు మర్యాదగా అడగండి. ముట్టుకోకుండా చూస్తామంటే వాళ్ళు సంతోషంగా చూపిస్తారు. పది రకాలకు తక్కువ కాకుండా దొరికితే, ఆ పట్టికను మీ మాస్టారికి చూపించండి.